చిలక చెప్పని అంకె

రెండువేల డెబ్భై ఎనిమిదో సంవత్సరంలో కూడా విజయవాడ ఆటోనగర్‌లో దుకాణాల గుమ్మాలకు నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు వేలాడుతూనే ఉన్నాయి. పెట్రోలు పోయింది. గేర్లు పోయాయి. నగరాల్లో స్టీరింగు పట్టుకునే మనుషులే పోయారు. వీధి చివర నిలబడి చెయ్యెత్తితే చాలు, ‘పల్లకీ’ వచ్చి ఆగుతుంది. అది డ్రైవరు లేని అద్దె బండి. ఎక్కించుకుంటుంది, దింపుతుంది, తన దారిన తాను పోతుంది. ఇన్ని మారినా నిమ్మకాయల జోలికి మాత్రం ఏ శాస్త్రజ్ఞుడూ పోలేదు, ఎందుకొచ్చిన గొడవలే అనుకున్నట్టున్నారు.

ఆ బుధవారం పొద్దున్నే నాగుల్ మీరా తన పాత కార్ల షెడ్డులో సాంబ్రాణి పొగ వేస్తుండగా ఇద్దరు లోపలికి వచ్చారు. ఆమె పేరు ప్రణవి. కొల్లేటి లంకల్లో కాన్పులు చూసే నర్సు, నలభై ఒక్కేళ్ళు. వెంట ఉన్నది భర్త జశ్వంత్. చేపల చెరువుల్లో నీళ్ళను చిలికే మోటార్లు బాగుచేస్తాడు. ఆ రోజుకి వాళ్ళే బోణీ. బోణీ బేరాన్ని వెనక్కి పంపడం మీరా ఇంటావంటా లేదు.

పల్లకీలుండగా వీళ్ళకి సొంత బండెందుకని ఎవరైనా అడగవచ్చు. పల్లకీలు రోడ్డు కింద పాతిన ‘దారితీగ’ను పట్టుకుని నడుస్తాయి. లంకల్లోకి వెళ్ళే గట్లమీద ఆ తీగ లేదు. పోయినేడు వానల్లో నొప్పులు పడుతున్న ఒక అమ్మాయిని ప్రణవి ఊళ్ళో రోడ్డుమీద పల్లకీ ఎక్కించింది. తీగ ఉన్న చుట్టుదారి నీళ్ళలో మునిగింది, ఆసుపత్రికి మిగిలిన దగ్గరిదారి గట్టుమీదుగా పోవాలి. తీగ అయిపోయిన చోట పల్లకీ ఆగి, ఎంతో మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి, దిగమంది. అక్కణ్ణుంచి మంచంమీద మోసుకుపోయారు. బిడ్డ దక్కలేదు. ఆ తల్లి ప్రణవిని పల్లెత్తు మాట అనలేదు. అననందుకే ప్రణవి ఏడాదిగా కుమిలిపోతోంది. అందుకే తన చేత్తో నడుపుకునే బండి కావాలనుకుంది. అది ఆగకూడదు, అంతే. రంగు ఏదైనా ఫరవాలేదు.

మీరా వాళ్ళకు ‘పిచ్చుక’ అనే మోడల్ చూపించాడు. వెనక సీటు మడిస్తే ఒక మనిషి హాయిగా పడుకోవచ్చు. పన్నెండేళ్ళ బండి. “సింగిల్ హ్యాండ్ అమ్మా. ఒక లెక్చరరు గారిది. వారానికొకసారి బీచికి తీసుకెళ్ళేవారంతే” అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డులో అమ్ముడైన ప్రతి బండీ లెక్చరరు గారిదే, ప్రతి బండీ వారానికొకసారి బీచికి వెళ్ళిందే. ఆ లెక్కన మచిలీపట్నం ఇసుకలో ఆదివారాలు కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

అయితే ఈ రోజుల్లో పాత బండి కొనేవాళ్ళు అమ్మేవాడి మాట వినరు, చిలక మాట వింటారు. దాని అసలు పేరు ‘శేషాయుమాపకం’. కంపెనీవాళ్ళు రెసిడ్యువల్ లైఫ్ స్కానర్ అంటారు. షెడ్డు కప్పుకు వేలాడుతూ, ఆకుపచ్చ దీపంతో, కిందికి వంగిన ముక్కుతో ఉంటుంది కనుక ఆటోనగర్ దానికి చిలక అని పేరు పెట్టింది. చిలక జోస్యం చెబుతుంది కదా, ఇదీ అంతే. కాకపోతే ఇది కార్డు తియ్యదు. బండి ఒంట్లోకి అతిధ్వని తరంగాలు పంపి, కంటికి కనపడని వెంట్రుకవాసి పగుళ్ళను లెక్కపెడుతుంది. బ్యాటరీలో ఉప్పు ఎంత గడ్డకట్టిందో చూస్తుంది. ఆ తర్వాత కొనేవాళ్ళను పది నిమిషాలు బండి నడపమంటుంది. స్టీరింగుమీద చేతులు ఎలా పడుతున్నాయో, గుంత కనబడితే కాలు ఎప్పుడు లేస్తోందో చూసి ‘వాడుక ముద్ర’ తీసుకుంటుంది. దేశంలోని లక్షల బండ్ల చరిత్రతో ఆ ముద్రను పోల్చి, ఈ బండి ఈ మనిషి చేతిలో ఎన్నాళ్ళు బతుకుతుందో నెలలతో సహా చెబుతుంది. ఇంతవరకూ అది చెప్పిన జోస్యం తప్పిందన్నవాళ్ళు లేరు.

ప్రణవి షెడ్డు వెనక సందుల్లో పది నిమిషాలు నడిపి వచ్చి ఆపింది. చిలక దీపం వెలిగింది.

“వారంటీ తీసుకుంటున్నారా?” అని అడిగింది చిలక.

“తీసుకుంటాం” అన్నాడు పక్కనున్న జశ్వంత్.

నడిపేవారు చెప్పాలని చిలక గుర్తుచేసింది. ప్రణవి భర్త వంక వింతగా చూసి, సరే తీసుకుంటామంది. ఒక్క క్షణంలో తెరమీద అంకె పడింది. మూడేళ్ళ రెండు నెలలు.

ప్రణవికి వింతగా ఉన్నది అంకె కాదు, మొగుడు. ఇరవయ్యేళ్ళుగా జశ్వంత్ వారంటీలంటే నవ్వేవాడు. మిక్సీ కొన్నా, ఫ్యాను కొన్నా, ఆ కాగితాన్ని పకోడీల పొట్లానికి ఇచ్చేసేవాడు. మోటారు పక్కన నిలబడి ఒక్క క్షణం విని, లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పగలవాడు. అలాంటివాడు ఇవాళ బండికి చెవైనా ఒగ్గకుండా వారంటీ కావాలంటున్నాడు.

ఆమె పూచీపత్రం తీసుకుని చదివింది. చిన్న అక్షరాల్లో, బండి ఆగిపోయిన నాలుగు గంటల్లోగా మరో బండి పంపబడును అని ఉంది. దాన్ని మీరా ముందు పెట్టి, వేలు ఆనించి చూపించింది.

“నాలుగు గంటలు నొప్పులు ఆగుతాయా అన్నా?”

ఆమె వారంటీ వద్దంది. జశ్వంత్ ఉండాల్సిందే అన్నాడు. ఏదో ఒకటుంటే మంచిదన్నాడు, నీ మంచికేనన్నాడు, కారణం మాత్రం చెప్పలేదు. చివరికి ప్రణవి, వారంటీ లేకుండా చిలక ఏం చెబుతుందో వినాలంది. మామూలుగా మీరా ఒప్పుకోడు. ఒక బండికి ఒక జోస్యమే, రెండోసారి తిప్పితే కంపెనీ ఊరుకోదు. కానీ బోణీ. మొహం చిట్లించుకునే మీట నొక్కాడు.

ఈసారి ప్రణవి వారంటీ అక్కర్లేదని చెప్పింది. తెరమీద అంకె పడింది. ఏడేళ్ళ పదకొండు నెలలు.

మీరా చిలక వీపుమీద చరిచాడు. ఆటోనగర్‌లో ఏ యంత్రానికైనా మొదటి వైద్యం అదే. అంకె మారలేదు.

“నేను బాగానే ఉన్నాను” అంది చిలక. “రెండుసార్లూ బండి ఒకటే. చేతులే మారాయి.”

“అవీ ఆవిడ చేతులేగా?” అన్నాడు మీరా.

చిలక వివరంగా చెప్పింది. లక్షల బండ్ల చరిత్రలో తనకు కనిపించింది ఇదేనంది. వారంటీ ఉన్నవాళ్ళు చిన్న చప్పుడు వినిపిస్తే పాటల మోత పెంచుతారు. లేనివాళ్ళు పాట ఆపి వింటారు. పూచీ తీసుకున్న మర్నాటినుంచే గుంతలో చక్రం కొంచెం గట్టిగా పడటం మొదలవుతుంది. ఇనుము అరగడం కన్నా దానివల్ల పోయేదే ఎక్కువ. మరి ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎందుకు చెప్పలేదని మీరా అడిగాడు. తనను ఎవరూ రెండు జవాబులతో అడగలేదంది చిలక. అది నిజమే. కొనడానికి వచ్చే భార్యాభర్తలు దెబ్బలాడుకునేది ఇంటి దగ్గరే. షెడ్డుకొచ్చేసరికి ఒకే మాటమీద ఉంటారు.

ప్రణవి తేల్చేసింది, వారంటీ వద్దు. అప్పుడు జశ్వంత్ బండి బానెట్‌మీద చెయ్యి పెట్టి, తల వంచుకుని చెప్పాడు.

“నాకు మోటారు వినపడటంలేదు ప్రణవీ. ఎడం చెవి పూర్తిగా పోయింది, కుడిది పోతా ఉంది. రేపు గట్టుమీద ఇది మూలిగినా నాకు తెలీదు. నేను లేకపోయినా ఆ కాగితమన్నా నీ ఎనకాల ఉంటదని.”

మీరా అనవసరంగా ఒక గుడ్డ తీసుకుని తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడవసాగాడు.

“నాకు తెలుసండీ” అంది ప్రణవి.

“ఎప్పట్నుంచి?”

“సంక్రాంతప్పట్నుంచి. నా మాటలకి ఊ కొట్టటం మానేశారు. అంతకుముందు వినకపోయినా కొట్టేవోరు.”

జశ్వంత్‌కు నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. అప్పుడు గమనించాడు, ఆమె తన కుడిపక్కనే నిలబడి ఉంది. నెలల తరబడి ఎక్కడికి వెళ్ళినా కుడిపక్కనే నడుస్తోంది. తాను దాచుకున్నానని గర్వపడిన సంగతిని ఆమె తనకు తెలియకుండా దాచిపెట్టింది. ఇంత ప్రేమను గుర్తించడానికి చెవులక్కర్లేదని, ఇన్నాళ్ళూ గుర్తించకపోయినందుకు తనకు బుద్ధిలేదని అనుకున్నాడు.

మీరా గుడ్డ పక్కన పడేసి, బల్ల సొరుగులోంచి మూరెడు పొడవున్న పాత స్క్రూడ్రైవరు తీశాడు. వాళ్ళ తాతది. మొన మోటారు ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు గట్టిగా నొక్కి పెట్టుకోమన్నాడు. గాలిలో వచ్చే చప్పుడు అందనివాళ్ళకి కూడా ఎముకలోంచి వచ్చేది ఎంతోకొంత అందుతుంది. వాళ్ళ తాత డెబ్భయ్యేళ్ళ వయసులో అలాగే చూసేవాడట. ప్రణవి మోటారు తిప్పింది. జశ్వంత్ కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా, ముందు బేరింగులు రెండూ బాగున్నాయని, వెనక కుడిదానికి గ్రీజు తక్కువైందని చెప్పాడు. మీరా నోరెళ్ళబెట్టాడు. గ్రీజు సంగతి అతనికి తెలుసు, చెప్పలేదంతే.

గ్రీజు పెట్టి, స్క్రూడ్రైవరు ఊరికే ఇచ్చేశాడు. బోణీ కదా అన్నాడు.

పిచ్చుక లంకలకు వెళ్ళింది. ప్రతి ఆదివారం పొద్దున కాఫీ తాగాక జశ్వంత్ దానికి స్క్రూడ్రైవరు ఆనించేవాడు, గ్రీజు తగ్గితే పెట్టేవాడు. ప్రణవి పక్కన కూచుని, ఏమంటోందని అడిగేది. బాగుందంటోంది అనేవాడు. ఆ వేసవిలో పిచ్చుక పద్నాలుగు మంది తల్లులను ఆసుపత్రికి చేర్చింది. పదిహేనోసారి వెళ్ళొచ్చిన ఆదివారం పెళ్ళి ఒకటి అడ్డొచ్చింది. మరుసటి ఆదివారం వాన. ఆ పై ఆదివారం అడ్డేమీ రాలేదు, కాఫీ తాగుతూ ఇద్దరూ బండి వంక చూశారంతే. ఏడేళ్ళ పదకొండు నెలలు ఉందిగా, తొందరేముంది అన్నాడు జశ్వంత్. ప్రణవి కూడా, అవునవును అంది. స్క్రూడ్రైవరు మేకుకు వేలాడుతూ ఉండిపోయింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం బాతుల లంకనుంచి లాస్య అనే అమ్మాయిని తీసుకొస్తుండగా, గట్టు సగంలో పిచ్చుక ఒక్కసారి కీచుమని అరిచి ఆగిపోయింది. వెనక కుడి బేరింగు. అటూ ఇటూ నీళ్ళు, పైన సన్నటి వాన. ప్రణవికి పోయినేటి మంచం, దాని కోళ్ళు, మోసినవాళ్ళ రొప్పు అన్నీ కళ్ళముందుకు వచ్చాయి. అయినా ఏడవడానికి తీరిక లేదు. వెనక సీటు మడిచి, ఆ బండిలోనే కాన్పు చేసింది. జశ్వంత్ గొడుగు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. గొడుగుమీద పడే వాన చప్పుడులో, బిడ్డ ఏడ్చిందని ఆమె పెదవులు చూసి తెలుసుకున్నాడు. ఆడపిల్ల, బంగారంలా ఉంది. తల్లీ పిల్లా క్షేమం. ఈసారి దేవుడు చూశాడు గనుక సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో ప్రణవికి తెలుసు.

బేరింగులు మార్పించాక ఇద్దరూ పిచ్చుకను తీసుకుని ఆటోనగర్ వచ్చారు. మీరాను ఏమీ అనలేదు. నేరుగా వెళ్ళి చిలక కింద ఆపారు.

“ఏడేళ్ళన్నావు, ఆర్నెల్లకే ఆగింది” అంది ప్రణవి.

చిలక తరంగాలు పంపి, వాడుక ముద్ర మళ్ళీ చూసుకుంది. “ఆదివారాలు ఎప్పుడు మానేశారు?” అని అడిగింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“తప్పు నాదే” అంది చిలక. “మీ చేతులను బట్టి ఏడేళ్ళని చెప్పాను. చెప్పగానే మీ చేతులు మారిపోయాయి. కంపెనీ వారంటీ వద్దన్నారు, నా మాటను వారంటీగా పెట్టుకున్నారు.”

జశ్వంత్ స్టీరింగు వంక చూస్తూ, తన సంగతి కూడా అంతేనన్నాడు. అది ఆమెకు కూడా తెలియని సంగతి. ఆరేళ్ళ క్రితం ఏలూరులో చెవుల డాక్టరు దగ్గర ఇలాంటి యంత్రమే ఉండేదట. మోటార్ల దగ్గర చెవుల్లో దూది పెట్టుకుంటూ జాగ్రత్తగా పనిచేస్తున్నాడని చూసి, పదేళ్ళదాకా ఢోకా లేదని చెప్పిందట.

“ఆ మర్నాడే దూది అవతల పారేశా” అన్నాడు.

ప్రణవి అతని చెయ్యి పట్టుకుంది. తిట్టాలనుకుంది, తిట్టలేదు. ఆ ఆర్నెల్లూ తానేం చేసిందో తనకూ తెలుసు.

కొత్త అంకె సిద్ధంగా ఉందని చిలక చెప్పింది. “చెప్పమంటారా?”

జశ్వంత్ భార్య వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“వద్దులే. ఇక మాకు చెప్పొద్దు.”

తెర నల్లగా ఉండగానే పిచ్చుక షెడ్డు దాటి వెళ్ళిపోయింది. డాష్‌బోర్డుమీద స్క్రూడ్రైవరు మెరుస్తూ కనబడింది.

వాళ్ళు మలుపు తిరిగాక మీరాకు కాలు నిలవలేదు. అతనికి ఒక జబ్బుంది. మంచి కబురు కడుపులో ఉంచుకోలేడు. కూతురికి సంబంధం కుదిరితే మగపెళ్ళివారికంటే ముందు ఆటోనగర్ అంతటికీ తెలిసిపోయింది. గుమ్మం వైపు ఒకసారి చూసి, చిలక కిందికి వెళ్ళి, ఆ అంకె ఎంతో తనకు మాత్రం చెప్పమన్నాడు.

తెర వెలిగింది. పదకొండేళ్ళ నాలుగు నెలలు.

మీరా నవ్వు చెవుల దాకా సాగింది. ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

“మీరు ఆ అంకె చెబితే రెండేళ్ళే” అంది చిలక.

ఫోను చేతిలోనే ఆగిపోయింది. మీరా అంకె వంక చూశాడు, ఫోను వంక చూశాడు. షెడ్డులో రెండు చుట్లు తిరిగాడు. నోరు దురద పెడుతోంది, ఏంచేస్తాడు పాపం. బతుకంతా బాగాలేని బండ్లను బాగున్నాయని చెప్పి అమ్మినవాడు. మొదటిసారి చేతిలో నిజంగా బాగున్న బండి కబురుంటే, చెప్పడానికి లేదు. చివరికి ఫోను చేశాడు. ప్రణవి తీసి, ఏంటన్నా అంది.

“ఏం లేదమ్మా. మీరు వెళ్ళాక చిలక మళ్ళీ చూసింది” అన్నాడు మీరా. “బండి ఏం బాగాలేదంట. ఆదివారాలు మాత్రం మానకండి.”

అవతల ఆమె భయంగా, సరేనన్నా అంది. తప్పకుండా చూసుకుంటామంది. మీరా ఫోను జేబులో పెట్టుకుని తల ఎత్తాడు. తెరమీద పదకొండేళ్ళ నాలుగు నెలలు అలాగే ఉంది.